మేనమామ గుండె, ఎలుక గుండె

(భీమవరంలో డిగ్రీ విద్యార్థుల కోసం పెట్టిన సైన్సు సభలో ఒక రిటైర్డ్ బయోకెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో రెండు మాత్రం ఉంచాం.)

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న పిల్లలకు నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి. నేను రిటైరై ఆరేళ్లయింది.

మా మేనమామ చివరి రెండేళ్లూ మంచం మీద పడుకోలేదు. పడక కుర్చీలో, వీపు వెనక మూడు దిళ్లు పెట్టుకుని, కూర్చునే నిద్రపోయేవాడు. వెల్లకిలా పడుకుంటే పది నిమిషాల్లో ఎవరో గొంతు నొక్కినట్టు లేచి కూర్చునేవాడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. బొటనవేలితో నొక్కితే గుంట పడేది, ఆ గుంట చాలాసేపు అలాగే ఉండిపోయేది. ఎక్స్‌రే చూసి డాక్టరు "గుండె పెరిగింది" అన్నాడు. మామయ్య ఇంటికొచ్చి, "నా మనసు పెద్దదని మీ అత్త ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ ఒప్పుకోలేదు. గుండె పెద్దదని డాక్టరు ఒక్క ఫొటోతో తేల్చేశాడు" అని నవ్వాడు.

నాకప్పుడు పదిహేనేళ్లు. నాకు నవ్వు రాలేదు, అనుమానం వచ్చింది. కండ పెరిగితే బలం కదా? కసరత్తు చేసేవాడి చేతులు లావెక్కితే మెచ్చుకుంటాం. గుండె కూడా కండే. అది పెరిగితే మనిషి నీరసించడమేంటి?

ఈ అనుమానానికి జవాబు వెతికిన ఒకాయన గురించి ఈరోజు చెబుతాను. పేరు ఎరిక్ ఓల్సన్. డాలస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్ మెడికల్ సెంటర్‌లో మాలిక్యులర్ బయాలజీ విభాగాన్ని 1995లో నిలబెట్టిన మనిషి. డాలస్ అనగానే మీలో సగం మందికి ఇంట్లోవాళ్లో పక్కింటివాళ్లో గుర్తొచ్చి ఉంటారు. (నవ్వులు) ఆయన మెడిసిన్ చదవలేదు, వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాడు. నిజం చెప్పాలంటే, గుండె జబ్బు నయం చేద్దామని కూడా మొదలుపెట్టలేదు. నాకు ఆయన కథ నచ్చడానికి మొదటి కారణం అదే.

కథలోకి వెళ్లేముందు ఒక్క మాట. హార్ట్ ఎటాక్ వేరు, హార్ట్ ఫెయిల్యూర్ వేరు. ఎటాక్ అంటే గుండెకు రక్తం తెచ్చే గొట్టం పూడుకుపోవడం. అది ఒక్క గంటలో జరిగే ప్రమాదం. ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం అనుకుంటారు, కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒంటికి చాలినంత రక్తం తోయలేకపోతుంది. మన ఇళ్లల్లో "పంపింగ్ తగ్గింది" అంటామే, అదే. టూడీ ఎకో కాగితం మీద ఇ.ఎఫ్. అని ఒక అంకె ఉంటుంది. ఒక్కో దెబ్బకి గుండె గదిలోని రక్తంలో నూటికి ఎంత బయటికి తోస్తోందన్న లెక్క అది. మంచి గుండెకి 55, 60 ఉంటుంది. మామయ్య రోజుల్లో మన ఊళ్లో ఎకో లేదు. ఉంటే ఎంత వచ్చేదో నాకు ఊహించబుద్ధి కాదు.

సరే, ఓల్సన్. 1984లో ఆయన హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాడు. అప్పుడు ఆయన పట్టుకున్న ప్రశ్న వినడానికి పిల్లల ప్రశ్నలా ఉంటుంది. ఒక కణానికి తాను కండనని ఎలా తెలుస్తుంది? మీ చర్మంలో ఉన్న డి.ఎన్.ఏ., కాలేయంలో ఉన్నది, తొడ కండలో ఉన్నది అంతా ఒక్కటే. ఊరంతా ఒకే వంటల పుస్తకం కొనుక్కున్నారు, కానీ ఒక్కో ఇంట్లో ఒక్కో పేజీ తెరిచి ఉంది. ఆ పేజీ తెరిచే చెయ్యి ఎవరిది?

1987లో సియాటిల్‌లో హెరాల్డ్ వైన్‌ట్రాబ్ ల్యాబులో అలాంటి ఒక చెయ్యి దొరికింది. దాని పేరు మయోడీ. ఈ ఒక్క జన్యువును మామూలు చర్మకణం లాంటి కణంలోకి పంపిస్తే అది కండ కణంగా మారిపోయింది! రెండేళ్లకి, 1989లో, ఓల్సన్ ల్యాబు మయోజెనిన్ అనే ఇంకో చెయ్యిని పట్టుకుంది. అదే ఏడాది డాలస్‌లో వుడ్రింగ్ రైట్ ల్యాబు వాళ్లకీ అది దొరికింది. సైన్సులో ఇలా ఒకే మామిడికాయకి రెండు రాళ్లు ఒకేసారి తగలడం మామూలే. 1993లో మయోజెనిన్ లేని ఎలుకల్ని పుట్టిస్తే పిల్లలు పుట్టగానే చనిపోయాయి. ఒళ్లో కండ సరిగా తయారుకాలేదు, ఊపిరి పీల్చడానికి కూడా కండ కావాలి కదా.

మరి గుండె సంగతి? అక్కడ ఈ చేతులు రెండూ లేవు. మయోడీ లేదు, మయోజెనిన్ లేదు. అయినా గుండె నిక్షేపంగా కొట్టుకుంటుంది. అంటే గుండెకి పేజీ తెరిచేవాళ్లు వేరే ఉన్నారు. ఆయన గుండెలోకి వచ్చింది ఈ సందులోంచే.

ఆయన ల్యాబు వాళ్లు మెఫ్2 అనే ప్రోటీన్ వెంట పడ్డారు. 1995లో పండ్ల మీద వాలే చిన్న ఈగలో దాన్ని తీసేసి చూశారు. ఆ ఈగ పిండంలో ఒంటి కండ, గుండె కండ, పేగు కండ మూడూ సరిగా తయారుకాలేదు. 1997లో ఎలుకలో దానికి జోడీ అయిన మెఫ్2సీ తీసేశారు. పిండంలో గుండె మొదట తిన్నటి గొట్టంలా ఉండి తర్వాత వంపు తిరుగుతుంది. ఈ ఎలుకల్లో వంపే తిరగలేదు, కుడి జఠరిక ఏర్పడలేదు, పిండం కడుపులోనే చనిపోయింది. ఇదంతా పుట్టకముందు గుండె ఎలా తయారవుతుందన్న కథ. మామయ్య లాంటి అరవై ఏళ్ల మనిషి గుండెకీ దీనికీ ఏంటి సంబంధం?

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. బీపీ వల్లో, ఎటాక్ వచ్చి కొంత కండ చచ్చిపోవడం వల్లో గుండె మీద భారం పడినప్పుడు అది ఒక వింత పని చేస్తుంది. కడుపులో ఉన్నప్పుడు వాడి, పుట్టాక మూసేసిన పేజీల్ని మళ్లీ తెరుస్తుంది. పిండం నాటి జన్యువులు అరవయ్యో ఏట మేలుకుంటాయి. మీలో ఎవరింట్లోనైనా ఆయాసం వస్తే ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. అని రక్త పరీక్ష రాసి ఉంటారు. బిల్లు చూసి అదిరిపడి కూడా ఉంటారు. ఆ పరీక్ష పట్టుకునేది అలా మేలుకున్న ఒక జన్యువు తాలూకు సరుకునే. అంటే గుండెను మొదటిసారి కట్టిన మేస్త్రీలే, ఇల్లు బీటలిచ్చినప్పుడు మళ్లీ వస్తున్నారు. పిండం గుండెను చదువుకున్నవాడికి వాళ్ల ముఖాలు ముందే తెలుసు. వైద్యం చదవని ఓల్సన్ హార్ట్ ఫెయిల్యూర్‌లో అంత లోతుకు వెళ్లగలగడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

1998 ఏప్రిల్‌లో 'సెల్' పత్రికలో ఆయన ల్యాబు పేపరు వచ్చింది. ఆ పని చేసిన కుర్రాడు జెఫరీ మోల్కెంటిన్, అప్పుడక్కడ పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబులో పనిచేసే పరిశోధకుడు. గుండెలో గాటా4 అనే ప్రోటీన్ ఉంది, అదీ పేజీ తెరిచే చెయ్యే. దాంతో ఎవరు చెయ్యి కలుపుతారో చూద్దామని గాటా4ని ఎరగా వేశారు. ఎర, గాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. గాలానికి తగిలింది చూసి వాళ్లే ఆశ్చర్యపోయి ఉంటారు. అది ఎన్‌ఫ్యాట్ కుటుంబానికి చెందిన ప్రోటీన్. అప్పటివరకూ దాన్ని అందరూ చదివింది తెల్ల రక్తకణాల్లో, రోగనిరోధక శక్తి తాలూకు గొడవలో. చెరువులో గాలం వేస్తే కోడిపెట్ట తగిలినట్టు! (నవ్వులు)

దాని వెనక ఉన్న లెక్క ఇది. కణంలో కాల్షియం చాలాసేపు ఎక్కువగా ఉంటే కాల్సిన్యూరిన్ అనే ఎంజైము లేస్తుంది. అది ఎన్‌ఫ్యాట్ మీద అతికించి ఉన్న ఫాస్ఫేట్ చీటీ పీకేస్తుంది. చీటీ పోగానే ఎన్‌ఫ్యాట్ కేంద్రకంలోకి వెళ్లి, గాటా4తో కలిసి, పెరుగుదల జన్యువుల్ని లేపుతుంది. ఇది నిజమా కాదా అని చూడటానికి, ఎప్పుడూ లేచే ఉండే కాల్సిన్యూరిన్‌ని ఎలుక గుండెలో మాత్రమే పుట్టేలా చేశారు. ఆ ఎలుకల గుండె రెండు మూడు రెట్లు పెరిగింది. తర్వాత సాగి, పల్చబడి, ఫెయిలైంది. చాలా ఎలుకలు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఒకే ఒక్క సంకేతం, మామయ్య జబ్బంతా!

ఇంకా గొప్ప సంగతి ఉంది. కాల్సిన్యూరిన్‌ని ఆపే మందు అప్పటికే మందుల షాపులో ఉంది, సైక్లోస్పోరిన్. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు రోజూ మింగేది. అది ఇస్తే ఈ ఎలుకల గుండె పెరగలేదు.

ఆ పేపరు నా చేతికి వచ్చిన రోజు నాకు గుర్తే. నేనప్పుడు లెక్చరర్ ఉద్యోగానికి ఎఫ్.ఐ.పి. కింద, అంటే లెక్చరర్లు పై చదువు చదువుకోవడానికిచ్చే పథకం కింద, సెలవు పెట్టి పీహెచ్‌డీ చేస్తున్నాను. ముప్ఫై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. లైబ్రరీలో తీసిన జిరాక్సు కాపీ. అందులో మామూలు ఎలుక గుండె, పక్కన కాల్సిన్యూరిన్ ఎలుక గుండె ఉండాలి. జిరాక్సులో రెండు నల్ల మరకలు కనపడ్డాయి, ఒకటి ఉసిరికాయంత, ఇంకోటి నిమ్మకాయంత. ఆ రెండో మరక చూసి నాకు పడక కుర్చీ గుర్తొచ్చింది.

నా పని చాలా చిన్నది. ఒకటి రెండు రోజుల వయసున్న ఎలుక పిల్లల గుండెల్లోంచి కణాలు తీసి గాజు పళ్లెంలో పెంచడం. గుండెల్ని మంచులో పెట్టిన ద్రావణంలో చిన్న కత్తెరతో తరగాలి, ఎంజైములో వేసి మెల్లగా కదపాలి, విడిపోయిన కణాల్ని పళ్లెంలో చల్లాలి. మర్నాడు పొద్దున్న మైక్రోస్కోపు కింద పెడితే, పిల్లలూ, అవి కొట్టుకుంటూ ఉంటాయి. ఒంట్లో లేవు, రక్తం లేదు, నరం లేదు. ఒక్కొక్క కణం తన ఇష్టం వచ్చిన వేగంతో కొట్టుకుంటుంది. మూడో రోజుకి పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి తాకుతాయి. అప్పుడు పళ్లెం మొత్తం ఒకే లయలో కొట్టుకుంటుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఒక్కసారీ విసుగు పుట్టలేదు. వాటిలో ఫినైల్ఎఫ్రిన్ అనే మందు చుక్క వేస్తే రెండు రోజుల్లో కణాలు ఉబ్బుతాయి. పళ్లెంలో మామయ్య గుండె అన్నమాట.

ఒక సోమవారం పొద్దున్న వెళ్లి, పళ్లేలు పెట్టే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే మీడియా, అంటే కణాలు పెరిగే ద్రవం, అంతా ముదురు గులాబీ రంగులో ఉంది. మామూలుగా నారింజ ఎరుపులో ఉంటుంది, గులాబీకి తిరిగిందంటే కార్బన్ డై ఆక్సైడ్ అయిపోయిందని. శనివారం సిలిండర్ ఖాళీ అయింది. కొత్తదానికి నేను ఇండెంటు పెట్టి మూడు వారాలైంది, కాగితం ఏదో బల్ల మీద సంతకం కోసం పడుంది. పళ్లెంలో ఒక్క కణమూ కొట్టుకోవడం లేదు. నాలుగు నెలల పని. ఆ రోజు నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను. నాతో పాటు అదే ప్రశ్న మీద డాలస్‌లో పనిచేస్తున్న వాళ్లకి సిలిండర్ కోసం సంతకం అక్కర్లేదని కుళ్లుకున్నాను కూడా.

ఓల్సన్‌కి వేరే రకం దెబ్బ తగిలింది. 1998లోనే ఇంకో పేపరులో రకరకాల ఎలుకల్లో సైక్లోస్పోరిన్ గుండె పెరగకుండా ఆపిందని రాశారు. ఏడాది తిరక్కుండా వేరే ల్యాబుల వాళ్లు, ఎలుక మహాధమనిని దారంతో బిగించి గుండె మీద భారం పెట్టి చూశాం, సైక్లోస్పోరిన్ పనిచేయలేదు అన్నారు. కొందరికి పనిచేసింది, కొందరికి చేయలేదు. పత్రికల్లో వాదులాట. ఇక మనుషుల దగ్గరికొస్తే ఆ మందు కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, బీపీ పెంచుతుంది. బీపీ వల్ల పెరిగే గుండెకి బీపీ పెంచే మందా! ఆ ఆశ అక్కడితో అయిపోయింది.

కానీ దారి తప్పు కాదని తర్వాత తేలింది. మందుతో కాకుండా జన్యువుతో చూశారు. 2002లో మోల్కెంటిన్ సొంత ల్యాబులో, గుండెలో ఎక్కువగా పనిచేసే కాల్సిన్యూరిన్ రకం లేని ఎలుకల్ని చూస్తే వాటి గుండె భారం పడినా అంతగా పెరగలేదు. సంకేతం సరైనదే, తాళం చెవి తప్పు. ఈ తేడా పరీక్ష పేపర్లలో మార్కులు తెచ్చిపెట్టదు గానీ, పరిశోధనలో సగం ఏళ్లు ఈ తేడా తెలుసుకోవడానికే పోతాయి.

ఇప్పుడు నా పదిహేనేళ్ల నాటి ప్రశ్నకి వద్దాం. పెరిగితే బలం ఎందుకు రాలేదు? ఒక్క జవాబు లేదు. కణం లావైనంతగా దానికి రక్తం తెచ్చే సన్న నాళాలు పెరగవు. పిండం నాటి జన్యువులు పెద్ద గుండె పనికి సరిపోవు. కణాల మధ్య నార పేరుకుని కండ బిరుసెక్కుతుంది. ఇంధనం చాలదు.

ఇంధనం అన్నాను కాబట్టి ఒక్క నిమిషం ఆగాలి. ఈ ఊళ్లో నిలబడి ఆయన పేరు తలవకుండా పోతే పాపం. 1895లో ఈ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనిపెట్టారు. తర్వాత ఏ.టీ.పీ. కూడా. ఏ.టీ.పీ. చేతిలో ఉన్న చిల్లర అయితే ఫాస్ఫోక్రియాటిన్ బొడ్లో దోపుకున్న నోట్లు, చిల్లర అయిపోగానే మార్చి ఇస్తుంది. ఫెయిలవుతున్న గుండెలో ఆ నోట్లు తగ్గిపోతాయి. 1997లో స్టెఫాన్ న్యూబవర్ బృందం బతికున్న రోగుల గుండెలో, కోత లేకుండా, ఎం.ఆర్. స్కానింగుతో ఈ రెండింటి నిష్పత్తి కొలిచింది. ఆ నిష్పత్తి తక్కువున్నవాళ్లు తొందరగా చనిపోయారు. డెబ్బై ఏళ్ల కింద మన ఊరాయన పరీక్షనాళికలో చూసిన పదార్థమే అది. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదన్నది వేరే కథ, ఇంకోరోజు చెప్పుకుందాం.

ఇంకో కారణం కాల్షియం పంపు. గుండె బిగవడానికి కాల్షియం బయటికి రావాలి, వదులవడానికి మళ్లీ లోపలి గదిలోకి వెళ్లాలి. దాన్ని లోపలికి తోడే పంపు పేరు సెర్కా. ఫెయిలైన గుండెలో ఆ పంపు నీరసిస్తుంది. సెర్కాని ఫాస్ఫోలాంబన్ అనే బుల్లి ప్రోటీన్ పట్టి ఆపుతుందని ఎప్పటినుంచో తెలుసు. 2016లో ఓల్సన్ ల్యాబు ఒక విచిత్రం కనిపెట్టింది. ఇందులోంచి ప్రోటీన్ రాదు అని ముద్ర వేసి పక్కన పడేసిన ఒక ఆర్.ఎన్.ఏ.లో, అంటే జన్యువు నుంచి తీసిన నకల్లో, కేవలం 34 అమైనో ఆమ్లాల ప్రోటీన్ దాక్కుని ఉంది. మరుగుజ్జు అన్న అర్థం వచ్చేలా దానికి డ్వార్ఫ్ అని పేరు పెట్టారు. అది ఫాస్ఫోలాంబన్‌ని పక్కకి నెట్టి పంపుని వదిలిపెడుతుంది. చిత్తుకాగితాల బుట్టలోంచి ఆస్తి దస్తావేజు దొరికినట్టు. ఆ ముద్ర ఎవరో వేశారు కదా అని ఊరుకోకుండా మళ్లీ చదివారు చూడండి, అది నాకు కాల్సిన్యూరిన్ కన్నా ముచ్చటగా అనిపిస్తుంది.

మధ్యలో చాలా వదిలేస్తున్నాను. హెచ్‌డ్యాక్ అనే తాళాలు, మైక్రో ఆర్.ఎన్.ఏ.లు, మూడు నాలుగు కంపెనీలు. గుండె వైఫల్యం కోసమని ఆయన ఇంకొందరితో కలిసి పెట్టిన మయోజెన్ కంపెనీని 2006లో గిలియడ్ కొనుక్కుంది. అందులోంచి జనానికి చేరిన మందు ఊపిరితిత్తుల రక్తనాళాల బీపీకి పనికొచ్చేది. వేటకెళ్లింది ఒకదానికి, తెచ్చింది ఇంకోటి. అన్నట్టు ఆయనకి ఒక రాక్ బ్యాండు ఉంది, గిటారు వాయిస్తాడు. బ్యాండు పేరు 'ట్రాన్సాక్టివేటర్స్'. జన్యువుల పేజీ తెరిచే ప్రోటీన్లని పిలిచే మాటే! ఆయన ప్రొఫెసర్ పదవికి టెక్సాస్ గాయకుడు విల్లీ నెల్సన్ దంపతుల పేరు ఉంది. మన దగ్గర ప్రొఫెసరు గిటారు పట్టుకుంటే ముందు ఒక మెమో వస్తుంది. (నవ్వులు)

2011 సంగతి మాత్రం వదలను. ఎంజో పొరెల్లో, హెషామ్ సాదెక్, ఓల్సన్ కలిసి చేసిన ప్రయోగం. పుట్టి ఒక్కరోజైన ఎలుక పిల్ల గుండె కొసని కోసేశారు. మూడు వారాలకి చూస్తే గుండె మళ్లీ పూర్తిగా ఉంది. మచ్చ లేదు, కొత్త కండ వచ్చింది. అదే కోత వారం వయసున్న పిల్లకి పెడితే మచ్చే మిగిలింది. ఏడు రోజుల్లో ఏదో తలుపు పడిపోతోంది. మరి మనిషిలో? 2009లో స్వీడన్‌లో యోనాస్ ఫ్రిసెన్ బృందం దీన్ని ఎలా కొలిచిందో వినండి. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్ 14 అప్పటి మనుషుల డి.ఎన్.ఏ.లో చేరింది. దాన్ని పట్టుకుని గుండె కణాల పుట్టినరోజు లెక్క కట్టారు. ఇరవై అయిదేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కణం కొత్తది పుడుతుంది. డెబ్బై అయిదుకి అందులో సగం కూడా లేదు. బాంబు వేసినవాళ్లు ఇలాంటి పనికి కూడా వస్తుందని కల్లో అనుకుని ఉండరు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. ఎలుక గుండె మనం ఎన్నోసార్లు బాగుచేశాం. నిమిషానికి 600 సార్లు కొట్టుకునే, మిరియాలు నాలుగైదు కలిపినంత బరువు కూడా లేని గుండె అది. మనిషి గుండె 70 సార్లు, 300 గ్రాములు. సెర్కా జన్యువునే వైరస్‌లో పెట్టి 250 మంది రోగుల మీద చేసిన పరీక్ష 2015లో ఏ లాభమూ చూపించలేదు. అదే రోజుల్లో ప్రాణాలు నిలబెడుతున్నవి ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. గుండెను నీరసపరుస్తాయని ఒకప్పుడు ఇవ్వడానికే భయపడ్డ బీటా బ్లాకర్లు. 2019లో తేలినట్టు, షుగరు మందు డాపాగ్లిఫ్లోజిన్. నలభై ఏళ్ల పని చేసిన ఓల్సన్ దారిలోంచి, ఇవాళ ఈ ఊరి మందుల షాపులో హార్ట్ ఫెయిల్యూర్‌కి అడిగి కొనుక్కునే మాత్ర ఏదీ రాలేదు. ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. మీలో ఎవరైనా ఈ దారిలోకి వస్తే, ఇది తెలిసి రండి.

2023లో ఆయన ల్యాబు ఇంకో గాలం వేసింది. కామ్‌కైనేజ్ డెల్టా అనే ఎంజైము దెబ్బతిన్న గుండెలో అతిగా లేచి కూర్చుంటుంది. దాని జన్యువులో అక్షరాన్ని బేస్ ఎడిటింగ్‌తో, అంటే డి.ఎన్.ఏ.లో ఒక్కో అక్షరాన్ని దిద్దే పద్ధతితో, మార్చి ఆ అతిని ఆపారు. గుండెకు రక్తం ఆపి వదిలిన ఎలుకలు కోలుకున్నాయి. మళ్లీ ఎలుకలే, ఒప్పుకుంటాను.

అక్షరాలంటే మన దగ్గరి సంగతి ఒకటి. 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ నుంచి తంగరాజ్ గారూ, దేశవిదేశాల్లోని ఇంకొందరూ కలిసి, ఎం.వై.బి.పి.సి.3 అనే గుండె జన్యువులో 25 అక్షరాలు లేకపోవడం భారతీయుల్లో నూటికి దాదాపు నలుగురిలో ఉందని చూపించారు. ఈ హాల్లో రెండొందల మంది ఉంటే ఎనిమిది మంది. భయపడకండి, ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. వయసు పైబడ్డాక కొందరికి ముప్పు పెరుగుతుంది, ఎవరికి ఎందుకన్నది ఇంకా చదువుతున్నారు. ఈ ప్రశ్న డాలస్‌ది కాదు, మనది. సిలిండర్లు మాత్రం ముందే తెప్పించి పెట్టుకోండి.

నేను చెప్పాల్సింది అయింది. అడగండి.

ఒక విద్యార్థిని: మేడమ్, గుండె కొట్టుకోవడానికీ కాల్షియమే, గుండె పెరగడానికీ కాల్షియమే అన్నారు. నిమిషానికి 70 సార్లు కాల్షియం వస్తూ పోతూ ఉంటే కాల్సిన్యూరిన్ ఎప్పుడూ లేచే ఉండాలి కదా?

నీ పేరేంటమ్మా? బాగుంది. ఈ ప్రశ్న 1998లో పెద్దపెద్దవాళ్లు అడిగారు, ఇప్పటికీ వాదన పూర్తిగా తెగలేదు. ఎక్కువమంది చెప్పేది, కణంలో కాల్షియం అంతా ఒకే చెరువు కాదని. కొట్టుకునే కాల్షియం ఒక మడిలో, కబురు మోసే కాల్షియం గట్టు అవతల ఇంకో మడిలో. ఆ గట్లు ఎక్కడున్నాయో వెతికే పని ఇంకా నడుస్తోంది. నీకిప్పుడు సెకండియరా? ఇంకో మూడేళ్లలో నువ్వే వెళ్లి చూడొచ్చు.

వెనక నుంచి ఒక పెద్దాయన: అమ్మా, నాకు అరవై ఎనిమిది. ఇ.ఎఫ్. 35 అన్నారు. మీరు చెప్పినదాంట్లో నాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?

కూర్చోండి బాబాయ్ గారూ, నిలబడకండి. ఎలుకల సంగతి మీకు ఇవాళ పనికిరాదు. మీ డాక్టరు రాసిన మాత్రలు మాత్రం పనికొస్తాయి. ఆయాసం తగ్గింది కదా అని ఆపేయకండి, చాలామంది చేసే పొరపాటు అదే. రొయ్యల పచ్చడి, ఎండుచేప పక్కన పెట్టండి, ఉప్పు నీటిని ఒంట్లో పట్టి ఉంచుతుంది. రోజూ పొద్దున్న బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. కాళ్లు ఉబ్బేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. ఇంట్లో బరువు చూసే మిషను ఉందా?

పెద్దాయన: కాటా ఉందమ్మా. చేపలు తూచేది.

(నవ్వులు)

ఏదైనా పర్లేదండీ. అయితే రోజూ అదే కాటా మీద, అదే వేళకి ఎక్కండి. దాని మీద చేపలు మాత్రం తీసేసి.